సైతాను చిరునామా ఎదుటింటిది కాదు

పల్నాడు జిల్లాలోని ప్రవచనకర్తలకు, పాస్టర్లకు, ఇమాములకు బహిరంగ లేఖ

పంతులుగారూ, అయ్యగారూ, ఇమాం సాబుగారూ, ముగ్గురికీ నమస్కారం.

ముగ్గురినీ ఒకే ఉత్తరంలో పలకరిస్తున్నందుకు ఎవరూ నొచ్చుకోరనే నమ్మకం. ఇది మన నేలకు కొత్త కాదు. విజయపురి రాజధానిగా నాగార్జునకొండ లోయను ఇక్ష్వాకులు ఏలిన రోజుల్లో వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన తోబుట్టువు చాంతిసిరి బౌద్ధుల మహాచైత్యానికి దానాలిచ్చింది. ఇద్దరూ ఒక ఇంటివాళ్లే, ఎవరి నమ్మకం వాళ్లది. ఇవాళ కూడా కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభ కట్టే ఊళ్లోనే ఆదివారం చర్చి గంట మోగుతుంది, పీర్ల పండగకు అన్ని కులాలవాళ్లూ గుండం చుట్టూ చేరతారు. మీ మాట వినే జనం ఒక్కటే కాబట్టి నేనూ ఒక్క ఉత్తరమే రాస్తున్నాను.

సంగతి పాతదే. దేవుడు మంచివాడు, అన్నీ చేయగలవాడు అయినప్పుడు లోకంలోకి చెడు ఎలా వచ్చింది? శివరాత్రి జాగరణలోనో, ఆదివారం ఆరాధన అయ్యాకో, జుమా నమాజు ముగిశాకో ఎవరో ఒకరు మిమ్మల్ని ఈ మాట అడిగే ఉంటారు. పంట పోయిన రైతు అడుగుతాడు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అడుగుతుంది. కాలేజీ కుర్రాడు వాదానికి అడుగుతాడు. మీరు కలి అనో, సాతాను అనో, ఇబ్లీసు అనో ఒక పేరు చెబుతారు. అందులో తప్పేమీ లేదు, మీ గ్రంథాల్లో ఉన్న పేర్లే. నా బాధల్లా ఆ పేరు మైకు దాటి వీధిలోకి వచ్చాక ఏమవుతోందన్నదే. అక్కడ దానికి ఒక ముఖం, ఒక ఇంటిపేరు, ఒక డోర్ నంబరు వచ్చేస్తున్నాయి. ఆ నంబరు ఎప్పుడూ మనింటిది కాదు, ఎదుటివాళ్లది.

మీ గ్రంథాలు ఇలా చెప్పలేదు. మీకు తెలియని విషయాలేవీ నేను చెప్పబోవడం లేదు. మీరు ఎన్నోసార్లు చదివిన పేజీలే మళ్లీ ఒకసారి తిరగేద్దామంటున్నాను.

ముందు ఈ నేల మీద చెడు సంగతి రాతిలో చెక్కి మరీ చెప్పినవాళ్లను తలుచుకుందాం. విజయపురి సౌత్ దగ్గర లాంచీ ఎక్కి కొండ మీది మ్యూజియానికి వెళ్లినవాళ్లకు తెలుసు. బౌద్ధుల కథల్లో సైతాను లాంటివాడైన మారుడు తన సేనతో సిద్ధార్థుడి మీదకు దండెత్తి రావడం నాగార్జునకొండ శిల్పులకు ఇష్టమైన ఘట్టాల్లో ఒకటి. శిల్పి ఆ సేనకు వికృత రూపాలు పెట్టాడు, చూపించాలి గనక. కానీ సుత్తనిపాతంలోని పధాన సుత్తం ఆ సేనల పేర్లు వరసగా చెబుతుంది. కోరిక, విసుగు, ఆకలిదప్పులు, తృష్ణ, మత్తు, భయం, సందేహం, మొండితనం, అడ్డదారిన వచ్చిన లాభమూ కీర్తీ, ఇలా సాగి పదోది దగ్గర ఆగుతుంది. పదోది తనను తాను పొగుడుకుంటూ ఎదుటివాణ్ణి తీసిపారేయడం. పదింటిలో ఒక్కదానికీ కోరలూ కొమ్ములూ లేవు. అన్నీ మనకు పరిచయమైనవే. పాళీ గ్రంథాల్లో మారుడు తరవాత కూడా బుద్ధుడి దగ్గరికి పదేపదే వస్తాడు. బుద్ధుడు వేపమండ తీయడు, మంత్రం వేయడు. వచ్చింది మారుడని గుర్తుపడతాడు, అంతే. మారుడు చిన్నబోయి మాయమవుతాడు.

అయ్యగారూ, ఇప్పుడు మీ పుస్తకం. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ దొర 1849లో గురజాలకు మకాం మార్చి పల్నాట సువార్త చెప్పారు. ఆయన చంకన పెట్టుకొచ్చిన బైబిలులో చెడు కథ మూడో అధ్యాయంలోనే మొదలవుతుంది. అక్కడ పాము ఉంది గానీ దానికి సాతాను అన్న పేరు లేదు. ఆ పాత సర్పమే సాతాను అని చెప్పేది చిట్టచివరి ప్రకటన గ్రంథం. పండు తిన్నాక దేవుడు నిలదీస్తే ఆదాము ఏం చేశాడు? తప్పు హవ్వ మీద వేశాడు. అక్కడితో ఆగక, ఆమెను నాకిచ్చింది నువ్వే కదా అంటూ దేవుడికి కూడా కాస్త అంటించాడు. హవ్వ పామును చూపించింది. పండు తినడం మొదటి తప్పయితే, నేరాన్ని పక్కవారి మీదకు తోసేయడం రెండో తప్పు. మొదటిదాని గురించి చర్చిలో చాలా వింటాం, రెండోదాని గురించి తక్కువ.

యోబు గ్రంథంలో సాతాను దేవుడి కొలువులోనే కనిపిస్తాడు. ఒక మంచి మనిషి భక్తి అంతా లాభం కోసమేనని నేరం మోపడం అక్కడ అతని పని. లూసిఫరు పతనానికి ఆధారమని చూపించే యెషయా 14వ అధ్యాయం, చదివి చూస్తే, కన్నూమిన్నూ కానని బబులోను రాజును ఉద్దేశించి చెప్పింది. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం మనిషిని శోధనలోకి లాగేది అతని సొంత దురాశేనని తేల్చేస్తుంది. మార్కు సువార్త 7వ అధ్యాయంలో యేసు, మనిషిని మైలపరిచేది బయటి నుంచి లోపలికి పోయేది కాదనీ, హృదయంలోంచి బయటికి వచ్చేదనీ చెబుతాడు. అగస్టీన్ ఇంకా ముందుకు వెళ్లి, చెడు దేవుడు చేసిన వస్తువే కాదన్నాడు. మంచి లోపించిన చోటికే ఆ పేరు.

ఇమాం సాబుగారూ, ఇబ్లీసు ఎందుకు చెడ్డాడో ఖురాన్ సూటిగా చెబుతుంది. ఆదము ముందు వంగమంటే వంగడు. తనది నిప్పు పుట్టుక, అతనిది మట్టి పుట్టుక, కాబట్టి తానే గొప్ప అంటాడు. పుట్టుకను బట్టి ఎక్కువ తక్కువలు లెక్కగట్టినవాళ్లలో మొదటివాడు ఇబ్లీసే అన్నమాట. ఈ సంగతి విన్నాక పల్నాట ఏ కులంవాళ్లమైనా ఒకసారి భుజాలు తడుముకోవాల్సిందే. తరవాత జరిగింది ఇంకా గమనించదగ్గది. ఏడో సూరాలో ఇబ్లీసు, తనను దారి తప్పించింది దేవుడేనని నేరం పైవాడి మీద వేస్తాడు. కొద్ది వాక్యాల తరవాత అదే సూరాలో ఆదము దంపతులు, తమకు తామే అన్యాయం చేసుకున్నామని ఒప్పుకొని క్షమించమని వేడుకుంటారు. ఆజ్ఞను అతనూ మీరాడు, వాళ్లూ మీరారు. అతను సైతాను అయ్యాడు, వాళ్లు మనుషులుగా మిగిలారు. తేడా తప్పులో లేదు, తప్పు ఎవరి ఖాతాలో రాశారన్న దాంట్లో ఉంది. పద్నాలుగో సూరా అయితే సైతాను నోటితోనే చెప్పిస్తుంది. తీర్పు రోజున తన వెంట వచ్చినవాళ్ల ముందు నిలబడి, తనకు వాళ్ల మీద ఏ అధికారమూ లేదనీ, పిలిస్తే వాళ్లే వచ్చారనీ, తనను నిందించి లాభం లేదనీ చేతులు దులుపుకుంటాడు.

పంతులుగారూ, మీ దగ్గర ఒక్క సైతాను లేడు. హాలాహలమూ అమృతమూ ఒకే పాలకడలిలోంచి వచ్చాయి. హిరణ్యాక్ష హిరణ్యకశిపులు, రావణ కుంభకర్ణులు, శిశుపాల దంతవక్త్రులు వేరే లోకం నుంచి ఊడిపడినవాళ్లు కారు. వైకుంఠం వాకిట కాపలా కాసిన జయవిజయులే. సనకాదులను గుమ్మం దగ్గర అడ్డగించినందుకు శాపం తగిలి మూడు జన్మలు ఎత్తారు. వాళ్లలో ఒకడైన హిరణ్యకశిపుడి కడుపునే ప్రహ్లాదుడు పుట్టాడు. లోకాలన్నీ గడియలో గెలిచిన తండ్రితో, నీ మనసునూ ఇంద్రియాలనూ గెలవలేకపోయావు, నీ శత్రువులు లోపలే ఉన్నారని ప్రహ్లాదుడు చెప్పే ఘట్టం పోతన చేతిలో ఎలా పండిందో మీకు నేను చెప్పనక్కర్లేదు. మనిషి వద్దనుకుంటూనే పాపం ఎందుకు చేస్తాడని అర్జునుడు గీత మూడో అధ్యాయంలో అడిగితే కృష్ణుడు కామమూ క్రోధమూ అన్నాడు గానీ ఫలానా వంశమూ ఫలానా ఊరూ అనలేదు.

కలి కథ మన వ్యవహారానికి ఇంకా దగ్గర. నలుడిలో దూరడానికి కలి పన్నెండేళ్లు కాచుకుని కూర్చున్నాడు. నలుడు కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చిన రోజున దూరాడు. సందు ఇవ్వందే లోపలికి రాలేడని ఆ కథ భావం. భాగవతంలో పరీక్షిత్తు, తలదాచుకోను చోటడిగిన కలికి జూదం, తాగుడు, స్త్రీ వ్యసనం, ప్రాణిహింస జరిగే చోట్లు చూపించాడు. చాలవంటే బంగారం ఇచ్చాడు. అబద్ధం, మదం, కామం, వైరం వాటి వెంట వచ్చాయి. ఆ రాజు కలికి ఏ కులాన్నీ, ఏ మతాన్నీ, ఏ పల్లెనూ రాసివ్వలేదు.

చెడు మొట్టమొదట ఎక్కడ మొలిచిందన్న ప్రశ్నకు మీ ముగ్గురి జవాబులు వేరు. కర్మను బట్టి ఫలమిచ్చే దేవుడికి పక్షపాతం అంటదని బ్రహ్మసూత్రాలు వాదిస్తాయి. దేవదూతల పతనం గురించి క్రైస్తవ సంప్రదాయం చెబుతుంది. ఇబ్లీసు జిన్నుల్లోవాడంటుంది ఖురాన్. ఈ తేడాలు తేల్చడం నా పని కాదు, తేలకపోయినా మన ఊళ్లు బతుకుతాయి. కానీ చెడు మనిషిలోకి ఎలా వస్తుందన్న ప్రశ్న దగ్గర అందరూ ఒక్కచోటికే చేరుతున్నారు. అది పిలుస్తుంది, పలికేది మనిషి. పలికాక చేసే పనిలోనే మనిషెవరో సైతానెవరో తేలిపోతుంది. నేనే చేశానన్నవాడు మనిషి, నాచేత వాళ్లు చేయించారన్నవాడు రెండో దారి పట్టినవాడు. మీ బోధల్లో ఈ ఒక్క ముక్క గట్టిగా వినపడితే చాలు. అది వినపడకపోవడం వల్ల పల్నాట మూడు చోట్ల ఏం జరుగుతోందో చూడండి.

మొదటిది మన చరిత్ర. నాగులేటి ఒడ్డున కారెంపూడిలో 12వ శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధానికి ఏటా కార్తీక అమావాస్య నుంచి ఉత్సవం చేస్తాం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని అయిదు రోజులు. ఆ యుద్ధానికి కారణం ఎవరని ఏ పిల్లవాణ్ణి అడిగినా తడుముకోకుండా గురజాల కొలువులో మంత్రిగా ఉన్న నాయకురాలు నాగమ్మ అంటాడు. 1947 సినిమాలో కన్నాంబ, 1966 సినిమాలో భానుమతి ఆ పాత్ర వేసి మెప్పించాక ఆ మాట ఇంకా గట్టిపడింది. కథ మాత్రం వేరే లెక్క చెబుతుంది. అనుగురాజు కొడుకులు రాజ్యం పంచుకోవడం దగ్గర పొరపొచ్చాలు మొదలయ్యాయి. గురజాలా మాచర్లా రెండు కొలువులయ్యాయి. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచిపోవాలని కోడిపందెం వేసుకున్నారు. వేసినవాళ్లు ఇటూ ఉన్నారు, అటూ ఉన్నారు. గడువు తీరాక గెలిచినవాళ్లు రాజ్యం తిరిగి ఇవ్వలేదు. రాయబారానికి వెళ్లిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాలేదు. ఇంతమంది రాజులూ మంత్రులూ వీరులూ కలిసి చేసిన దాన్ని ఒక్క ఆడమనిషి పేర రాసి ఊరుకున్నాం. ఏదెను తోటలో ఆదాము చేసింది ఇదే.

మాచర్ల వైపు మంత్రి బ్రహ్మనాయుణ్ణి తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. మాచర్ల చెన్నకేశవుడి సాక్షిగా అన్ని కులాలనూ ఒక చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెట్టించాడాయన. మాల కన్నమదాసును సేనకు ముందు నిలిపాడు. నిప్పు గొప్పా మట్టి గొప్పా అన్న ఇబ్లీసు వాదానికి ఈ నేల మీద ఇంతకన్నా తిరుగులేని జవాబు మరొకటి కనపడదు. అయితే పరీక్షిత్తు కలికి చూపించిన మొదటి చోటు జూదం. కోడి కాళ్లకు రాజ్యాన్ని కట్టి ఆ చోటుకు వెళ్లింది కూడా బ్రహ్మనాయుడే. రెండూ ఒకే మనిషి చేశాడు. రెండూ చెబితే ఆయన చిన్నవాడు కాడు. మందపోరు నాడు చాపకూడు వడ్డిస్తూ ఒక సంగతీ, మర్నాడు కోడిపోరులో రెండో సంగతీ చెప్పుకోవచ్చు. ఉత్సవం అందుకు వీలుగానే ఉంది.

రెండోది జబ్బు. కాన్పయిన కొత్తలో ఒక ఇంటి కోడలికి నిద్ర పట్టదు. తనలో తాను మాట్లాడుకుంటుంది, బిడ్డను దగ్గరికి తీయదు. గాలి సోకిందంటారు. ముందు తాయెత్తు కడతారు, తరవాత వేపమండలతో దిగదుడుస్తారు, తరవాత ప్రార్థన చేసిన నూనె తెస్తారు, ఆపైన దర్గాలో దారం కట్టిస్తారు. ఇంట్లో మతం ఏదైనా ఈ మూడు గుమ్మాలూ ఎక్కుతారు. ఈ ఒక్క విషయంలో మన మతసామరస్యానికి లోటు లేదు. నెలలు గడుస్తాయి. ఈలోగా, ఎవరు చేయించారన్న ప్రశ్న పుడుతుంది. జవాబు ఎప్పుడూ బలహీనుల ఇంటి మీదే వాలుతుంది. వీధి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ, పిల్లలు లేని ఆడమనిషి, పొలం గట్టు తగాదా ఉన్న దాయాది. చేతబడి అనుమానంతో పళ్లు రాలగొట్టిన, చెట్టుకు కట్టేసి కొట్టిన, ప్రాణాలు తీసిన వార్తలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ మనం చదువుతూనే ఉన్నాం.

బెంగళూరు నిమ్హాన్స్ చేసిన 2015-16 జాతీయ సర్వే ప్రకారం మానసిక వ్యాధులున్నవాళ్లలో, వ్యాధిని బట్టి, నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదు. డాక్టర్లు తక్కువ కావడం ఒక కారణమైతే, దయ్యమన్న మాట దగ్గరే ఆగిపోవడం ఇంకొకటి. ఆగిపోతే ఎక్కడికి పోతుందో తమిళనాడు ఏర్వాడిలో చూశాం. 2001 ఆగస్టు 6న దర్గా దగ్గరి ఒక ఆశ్రమంలో నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు పరుగెత్తలేక 28 మంది కాలిపోయారు. వాళ్లను అక్కడ దింపి వెళ్లినవాళ్లు శత్రువులు కారు, సొంత కుటుంబాలవాళ్లు. నయమవుతుందని నమ్మి దింపారు. మానసిక రోగిని గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

ఇది మన దేశపు జాడ్యమే అనుకోకండి. 1692లో అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలన్న నేరం మోపి 19 మందిని ఉరి తీశారు, ఒకాయన్ను బండల కింద నలిపి చంపారు. దానికి మొదలు ఒక బోధకుడి ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల అంతుచిక్కని జబ్బు. చదువుకున్న పాస్టర్లు, న్యాయమూర్తులు కూర్చుని విచారించిన కేసులవి. అయిదేళ్లు తిరక్కుండానే ఆ న్యాయమూర్తుల్లో ఒకరు, శామ్యూల్ సెవాల్, బోస్టన్ చర్చిలో అందరి ముందు లేచి నిలబడ్డారు. నింద, సిగ్గు తనవేనని ఆయన రాసిచ్చిన కాగితాన్ని పాస్టరు చదివి వినిపించారు. సైతాను నన్ను మోసం చేశాడని ఆయన సులువుగా తప్పుకోవచ్చు, ఆ రోజుల్లో అందరూ నమ్మేవారు కూడా. తప్పుకోలేదు.

మూడోది రాజకీయం. 2022 ఏప్రిల్ 4న జిల్లాగా ఏర్పడ్డ పల్నాడు, రెండేళ్లకే దేశమంతా తల తిప్పి చూసేలా చేసింది. 2024 మే 13 పోలింగు రోజునా ఆ తరవాతా మాచర్ల, నరసరావుపేట, గురజాల ప్రాంతాల్లో జరిగిన గొడవలకు ఎన్నికల సంఘం కలెక్టరును బదిలీ చేసి, ఎస్పీని సస్పెండు చేసింది. ఏ పార్టీ ఎక్కువ చేసిందన్న లెక్కలోకి నేను వెళ్లను. ఆ లెక్క మొదలైందంటేనే సైతాను చిరునామా వెతుకులాట మొదలైనట్టు. రెండు పక్షాల ఇళ్లలోనూ దేవుడి పటమో, వాక్యం రాసిన క్యాలెండరో, మక్కా బొమ్మో ఉంది. కర్ర పట్టిన చేతికి దారమో శిలువో తాయెత్తో ఉంది. అవతలివాళ్లు మనుషులు కారన్న నమ్మకం లేందే పక్కింటి తలుపు మీద రాయి పడదు. ఆ నమ్మకం ఏ పార్టీ ఆఫీసులో తయారైనా, దాన్ని విరగ్గొట్టగలిగిన మైకు మీ చేతుల్లోనే ఉంది. మారుడి పదో సేన గురించి చెప్పడానికి ఎన్నికల సీజను కన్నా మంచి అదను దొరకదు.

ఇక మీరు అనబోయే మాటలు నాకు తెలుసు. అయ్యగారూ, యేసు దయ్యాలను వెళ్లగొట్టాడు కదా అంటారు. నిజమే, సువార్తల్లో ఉంది. అయితే ఆ ఘట్టాలన్నీ మళ్లీ చదవండి. ఆయన బాధపడేవాణ్ణి పట్టించుకున్నాడు గానీ ఎవరు పంపారని ఒక్కసారీ ఆరా తీయలేదు. మూడో మనిషిని పట్టుకోలేదు. పైగా మార్కు సువార్త మూడో అధ్యాయంలో శాస్త్రులు ఆయన్నే దయ్యాల అధిపతి పట్టినవాడన్నారు. నేరం మోపిన పక్షమా, మోపించుకున్న పక్షమా, మీరు ఎటు నిలబడాలో తెలియంది కాదు. ఇమాం సాబుగారూ, రెండో సూరాలో మాయవిద్య ప్రస్తావన ఉందంటారు. ఉంది. దేవుడి అనుమతి లేనిదే దాంతో ఎవరికీ హాని చేయలేరని అక్కడే ఉంది. అనుమానాలకు పోవద్దు, కూపీలు లాగొద్దు, చాటున చెడు మాట్లాడొద్దని 49వ సూరాలో ఉంది. ఈ రెండూ కలిపి ఒక ఖుత్బాలో చెబితే చాలా వీధులు నెమ్మదిస్తాయి.

చెడు లోపలే ఉందన్న మాటను కూడా తిరగేసి కొట్టొచ్చు. ఆ సంగతీ చెప్పాలి. కష్టం వచ్చినవాడిదే పాపమని, పోయిన జన్మలో చేసుకున్నదని, విశ్వాసం చాలలేదని అనేయడం సులువు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లను మింగింది సైతాను కాదు, పూర్వజన్మా కాదు. పురుగు, మందుల ఖర్చు, అప్పు. యోబు స్నేహితులు అతని కష్టానికి అతని పాపమే కారణమని వాదించి దేవుడి చేత చీవాట్లు తిన్నారు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి పాపం ఇతనిదా, కన్నవాళ్లదా అని శిష్యులడిగితే యేసు ఇద్దరిదీ కాదన్నాడు. కర్మ సిద్ధాంతం నేను చేసిన దాన్ని తూచుకోవడానికి నాకిచ్చిన తూకమని, పొరుగువాడి కన్నీళ్లు తూచడానికి కాదని పంతులుగారు ఒక్క ప్రవచనంలో చెప్పగలరు. చేసినవాడు ఒప్పుకోవాలి, పడ్డవాడికి చేయి అందించాలి. ఈ రెండూ తారుమారైతే ఎంత గొప్ప సిద్ధాంతమైనా కర్రగానే పనికొస్తుంది.

చివరగా నాలుగు విన్నపాలు.

మీ గుమ్మానికి ఎవరినైనా గాలి సోకిందని తీసుకొస్తే ప్రార్థన చేయండి, విభూతి పెట్టండి, దువా చదవండి, నేను కాదనను. దాంతోపాటు డాక్టరుకు చూపించమని మీ నోటితో చెప్పండి. మానసిక ఆరోగ్య సాయానికి ఉన్న 14416 టెలీ మానస్ నంబరు గుడి గోడ మీద, చర్చి నోటీసు బోర్డు మీద, మసీదు వరండాలో రాయించండి. పైసా ఖర్చు లేదు, పగలూ రాత్రీ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మూర్ఛకు మందు ఉంది, కాన్పు తరవాతి మతిచాంచల్యానికి వైద్యం ఉంది. మీరు వెళ్లమన్నారంటే ఆ కుటుంబం వెళుతుంది. నేను చెబితే వెళ్లదు.

ఎవరు చేయించారో చెప్పమని అడిగినవాడికి ఏ పేరూ చెప్పకండి. దిక్కు కూడా చూపించకండి. తూర్పు వైపు ఇల్లు అన్నా చాలు, ఆ రాత్రికే తలుపు పగులుతుంది. ఎవరి మీదైనా చేతబడి పుకారు పుట్టిందని తెలిస్తే ముగ్గురూ కలిసి ఆ ఇంటికి వెళ్లి, అందరూ చూస్తుండగా అరుగు మీద కూర్చుని మంచినీళ్లు తాగి రండి. పోలీసు పికెట్టు చేయలేని పని ఆ గ్లాసు నీళ్లు చేస్తాయి.

కారెంపూడి ఉత్సవాల వేదికల మీద మాట్లాడే అవకాశం మీలో చాలామందికి వస్తుంది. నాగమ్మను తిట్టకుండా యుద్ధం కథ చెప్పండి. ఆమెను దేవతను చేయమనడం లేదు, అది ఇంకో రకం తప్పించుకోవడం. ఎవరి వాటా వాళ్లకు పంచి చెప్పండి చాలు.

ఎన్నికల కోడ్ వచ్చిన నాటి నుంచి ఫలితాలు వచ్చి నెల దాటేదాకా, మీ ప్రతి ప్రసంగంలోనూ ఇబ్లీసు ఒప్పుకోని తప్పునూ ఆదము ఒప్పుకున్న తప్పునూ ఒక్కసారైనా పక్కపక్కన పెట్టండి. జయవిజయుల కథ చెప్పినా అంతే ఫలం. వింటున్నవాళ్లలో రెండు పార్టీలవాళ్లూ ఉంటారు, ఎవరి గురించి చెప్పారో ఇద్దరికీ అర్థమవుతుంది.

ఈ ఉత్తరంతో మీకు పేచీ ఉంటే తప్పకుండా రాయండి, పత్రికలోనే చర్చించుకుందాం. నేను గ్రంథాలను తప్పుగా చదివానంటే చోటు చూపించండి, దిద్దుకుంటాను. ఒక్క షరతు. మీ జవాబులో పేరు పెట్టి ఎవరినీ సైతాను అనకండి, నన్నయినా సరే.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
నరసరావుపేట